సైంటిస్టు పని, స్టూడెంట్ లెక్క: జీవశాస్త్ర పరిశోధకుల ఫెలోషిప్పుల వెనుక కథ

2023 జూన్‌లో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఒక ఉత్తర్వు ఇచ్చింది. జూనియర్ రీసెర్చ్ ఫెలో, అంటే జేఆర్‌ఎఫ్‌కి నెలకు రూ.31,000 వస్తున్నది రూ.37,000 అయింది. సీనియర్ ఫెలోకి, అంటే ఎస్‌ఆర్‌ఎఫ్‌కి, రూ.35,000 కాస్తా రూ.42,000 అయింది. జనవరి నుంచే లెక్క కట్టి ఇస్తామన్నారు. అయినా యూనివర్సిటీల్లో, ల్యాబుల్లో సంతోషం కంటే అసంతృప్తే ఎక్కువగా వినిపించింది. అంతకు ముందు ఫెలోషిప్ పెరిగింది 2019 జనవరిలో. ఆ నాలుగేళ్లలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కరువు భత్యం మూల వేతనంలో 12 శాతం నుంచి 42 శాతానికి చేరింది. కొవిడ్ పేరుతో ఏడాదిన్నర ఆపినా అంత పెరిగింది. రీసెర్చ్ స్కాలర్ బ్యాంకు ఖాతాలో మాత్రం నాలుగేళ్లూ అదే 31,000.

ఒకే ల్యాబ్‌లో, ఒకే బల్ల దగ్గర పనిచేసే ఇద్దరి మధ్య ఇంత తేడా రావడానికి మూలం పాతది. మన దగ్గర పరిశోధన చేసే యువతీ యువకులకు ఇచ్చేది జీతం కాదు, ఫెలోషిప్. కాగితం మీద వాళ్లు విద్యార్థులు. అందుకే ఆ డబ్బును స్కాలర్‌షిప్ కింద చూపి ఆదాయపు పన్ను మినహాయింపు ఇస్తారు. అందుకే పీఎఫ్ ఉండదు, ఏటేటా ఇంక్రిమెంట్ ఉండదు, కరువు భత్యం ఉండదు. ఇంటి అద్దె భత్యం ఒక్కటే ఉద్యోగుల పద్ధతిలో వస్తుంది. ఐదేళ్ల గడువు: రెండేళ్లు జేఆర్‌ఎఫ్, ఒక కమిటీ ముందు పని చూపించాక మరో మూడేళ్లు ఎస్‌ఆర్‌ఎఫ్. ఆ మొత్తం పెరగాలంటే ప్రతిసారీ ఎక్కడో ఒక ఫైలు కదలాలి, ఆర్థిక శాఖ సరేననాలి.

ఆ ఫైలు తనంతట తాను కదిలిన సందర్భాలు తక్కువ. 2010కి ముందు జేఆర్‌ఎఫ్ రూ.12,000. 2010 ఏప్రిల్ నుంచి 16,000. అది 25,000 కావడానికి 2014 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఉత్తర్వు వచ్చాక కూడా కొన్ని సంస్థల్లో పెంచిన డబ్బు చేతికి రావడానికి నెలలు పట్టింది. ఆ జాప్యం మీద స్కాలర్లు ఢిల్లీ వెళ్లి ధర్నా చేశారు. 2018లో మళ్లీ ప్లకార్డులు పట్టుకున్నారు. 2019 జనవరిలో మానవ వనరుల శాఖ ముందు కూర్చున్న వాళ్లను పోలీసులు తీసుకెళ్లారు, నెలాఖరున పెంపు ప్రకటన వచ్చింది. 2022, 2023లోనూ అదే వరస. పెంపు శాతాలు వరుసగా చూస్తే 2014లో 56, 2019లో 24, 2023లో 19. ప్రతిసారీ పోరాటం అంతే, ఫలితం మాత్రం తగ్గుతూ వచ్చింది.

ఫెలోషిప్ అన్ని సబ్జెక్టుల వాళ్లకూ ఒకటే. మరి జీవశాస్త్రం గురించి విడిగా ఎందుకు చెప్పుకోవాలి? ఎందుకంటే ఈ శాస్త్రం ఇప్పటికీ చేతిపని మీద నడుస్తుంది. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు, డ్రోసోఫిలా, మీద పనిచేసే ల్యాబ్ సంగతే తీసుకోండి. రెండు రకాల ఈగలను జత కట్టించాలంటే అప్పటిదాకా మగ ఈగతో కలవని ఆడ ఈగలు కావాలి. ప్యూపా, అంటే గూడు దశ, నుంచి బయటపడ్డాక 25 డిగ్రీల దగ్గర ఆడ ఈగ మగ ఈగతో కలవకుండా ఉండే వ్యవధి సుమారు ఎనిమిది గంటలు. ఆలోపు సీసా ఖాళీ చేసి, ఈగలకు మత్తిచ్చి, మైక్రోస్కోపు కింద సన్నటి బ్రష్‌తో ఒక్కొక్కదాన్ని తిప్పి చూసి ఆడా మగా వేరు చేయాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆదివారం అయినా, పండగ అయినా అంతే. ఒకసారి తప్పితే ఆ క్రాస్ మళ్లీ మొదటి నుంచి, అంటే ఇంకో పది పన్నెండు రోజులు. కణాల కల్చర్ చేసే వాళ్లకూ, ఎలుకల కాలనీ చూసుకునే వాళ్లకూ ఇలాంటి గడియారమే ఉంటుంది. ఇలా నడిచే పని ఐదేళ్లలో పేపర్‌గా, థీసిస్‌గా తేలడం కష్టం. బయాలజీలో పీహెచ్‌డీ ఆరో ఏటికి, ఏడో ఏటికి జారడం మామూలు. ఫెలోషిప్ మాత్రం ఐదో ఏడు దాటగానే ఆగిపోతుంది. ఆ చివరి ఏడాది గైడ్ ప్రాజెక్టులో డబ్బు మిగిలి ఉంటే సరే, లేకపోతే ఇంటి నుంచి తెప్పించుకోవాలి. తెప్పించుకోగల ఇల్లు అందరికీ ఉండదు.

ఇంతమంది ఈ దారిలోకి ఎలా వచ్చారన్నది వేరే చరిత్ర. శాస్త్రవేత్త పుష్పా మిత్ర భార్గవ పట్టుదలతో 1977లో హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ మొదలైంది. 1986లో కేంద్రం బయోటెక్నాలజీ విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఎంపిక చేసిన యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పెట్టించింది. 1990లలో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా, దశాబ్దం చివర శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ. వచ్చే కాలమంతా బయాలజీదే అన్న నమ్మకం తెలుగు ఇళ్లలో గట్టిగా నాటుకుంది. బైపీసీ చదివి మెడిసిన్ సీటు అందని పిల్లలకు బీఎస్సీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ గౌరవమైన రెండో దారి అయింది. జిల్లా కేంద్రాల్లోని ప్రైవేటు డిగ్రీ కాలేజీలు కూడా ఆ కాంబినేషన్లు పెట్టాయి. డిగ్రీలు పెరిగినంత వేగంగా పోస్టులు పెరగలేదు.

ఆ మధ్యలో మిగిలిన వాళ్ల కోసం ఒక కొత్త అంతస్తు ఏర్పడింది. ప్రాజెక్ట్ అసిస్టెంట్, తర్వాతి రోజుల్లో ప్రాజెక్ట్ అసోసియేట్. 2020లో ఇచ్చిన ఉత్తర్వు, జేఆర్‌ఎఫ్‌కు జాతీయ స్థాయిలో పెట్టే నెట్ పరీక్ష పాసైన ప్రాజెక్ట్ అసోసియేట్‌కు నెలకు 31,000, పాసవని వాళ్లకు 25,000 అని నిర్ణయించింది. ప్రాజెక్టు ఎన్నాళ్లుంటే ఉద్యోగం అన్నాళ్లే. గ్రాంటు రెండో విడత ఢిల్లీ నుంచి రావడం ఆలస్యమైతే వీళ్ల నెల డబ్బు కూడా ఆగుతుంది. నగరంలోని ఏ పెద్ద బయాలజీ ల్యాబ్‌కి వెళ్లినా వీళ్లే కనిపిస్తారు. దేశంలో ఎంతమంది బయాలజిస్టులున్నారని లెక్క వేసేటప్పుడు ముందు గుర్తుకు రావలసిన వాళ్లు వీళ్లే. పేపర్లలో పేరు ఒక్కోసారి మధ్యలో ఉంటుంది, ఒక్కోసారి కృతజ్ఞతల్లో మాత్రమే ఉంటుంది.

వీళ్లలో ఆడపిల్లలు ఎక్కువ. అది చిన్న మార్పు కాదు. 1933లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరతానని వచ్చిన కమలా సోహోనీని, ఆడపిల్ల అన్న కారణంతో, సి.వి.రామన్ కాదన్నారు. ఆమె పట్టు విడవకపోతే ఏడాది పాటు పరిశీలన మీద ఉంచుతామన్న షరతులతో చేర్చుకున్నారు. ఆమె 1939లో కేంబ్రిడ్జి నుంచి జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. అక్కడి నుంచి 2021-22కి వస్తే, ఆ ఏటి అఖిల భారత ఉన్నత విద్య సర్వేలో సైన్స్ కోర్సుల్లో మొత్తం 57.2 లక్షల మంది ఉంటే అందులో 29.8 లక్షల మంది అమ్మాయిలు. క్లాసులో సగం దాటారు. ఫ్యాకల్టీ గదుల తలుపుల మీది పేర్లలో ఆ సగం కనిపించదు, బయాలజీలో కూడా.

ఎక్కడ జారిపోతున్నారో తెలుసుకోవాలంటే వయసు లెక్క ఒక్కటి చూస్తే చాలు. ఎమ్మెస్సీ అయ్యేసరికి 22, 23 ఏళ్లు. నెట్ రాసి, ల్యాబ్ దొరికి, పీహెచ్‌డీ ముగిసేసరికి 30. కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ ల్యాబుల్లో సైంటిస్టుగా చేరడానికి జనరల్ అభ్యర్థికి గరిష్ఠ వయసు 32. కానీ ఇంటర్వ్యూలో నిలవాలంటే రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన, వీలైతే విదేశంలో, ఉండాలన్నది రాయని నియమం. పెళ్లి, పిల్లలు కూడా సరిగ్గా ఆ నాలుగైదేళ్లలోనే. 2016లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధనలు మహిళా స్కాలర్లకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, థీసిస్ ఇవ్వడానికి రెండేళ్ల అదనపు గడువు ఇచ్చాయి. మంచి నిర్ణయమే. అయితే పెరిగిన గడువుతో పాటు ఫెలోషిప్ పెరగలేదు, అది ఐదేళ్ల దగ్గరే ఉంది. ఆ రెండేళ్లు ఎవరి సొమ్ముతో బతకాలన్న ప్రశ్నకు నిబంధనలో జవాబు లేదు. పరిశోధన వదిలేసిన మహిళలను తిరిగి తేవడానికి శాస్త్ర సాంకేతిక విభాగం, బయోటెక్నాలజీ విభాగం ప్రత్యేక పథకాలు పెట్టాయి. వాటితో తిరిగి వచ్చిన వాళ్లు ఉన్నారు. అవి కూడా గడువున్న ప్రాజెక్టులే, పోస్టులు కావు.

కులం, ఆస్తి దగ్గర ఈ కథ ఇంకా బరువెక్కుతుంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ రాని పీహెచ్‌డీ విద్యార్థికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చేది నెలకు రూ.8,000. 2015 అక్టోబరులో దాన్ని కూడా ఆపేయాలని యూజీసీ నిర్ణయిస్తే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందే మకాం వేశారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఫెలోషిప్ నిలిచింది, 8,000 కూడా అలాగే ఏళ్ల తరబడి నిలిచిపోయింది. జేఆర్‌ఎఫ్ వచ్చిన వాళ్లకైనా నెలనెలా వస్తుందన్న భరోసా లేదు. ప్రతి నెలా సంస్థ నుంచి ధ్రువీకరణ వెళ్లాలి, పోర్టల్‌లో ఎక్కాలి, అక్కడి నుంచి బ్యాంకుకు. మధ్యలో ఒక్క చోట ఆగినా మూడు నాలుగు నెలలు చేబదుళ్ల మీద గడపాల్సిందే.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణాలు తీసుకున్న రోహిత్ వేముల, జీవశాస్త్ర విద్యార్థిగా అక్కడికి వచ్చి తర్వాత సామాజిక శాస్త్రాల వైపు మారిన స్కాలర్. ఆయన చివరి లేఖలో డబ్బు ప్రస్తావన ఉంది. తనకు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు రావాలని, అది ఇంటివాళ్లకు అందేలా చూడమని, అందులో సుమారు 40 వేలు ఒక స్నేహితుడికి ఇవ్వాల్సి ఉందని రాశారు. నెలకు పాతిక వేల చొప్పున ఏడు నెలలు. ఆయన చావుకు వెనకున్న వివక్ష గురించి చాలా రాశారు, ఇంకా రాయాలి. ఆ లేఖలోని ఈ లెక్కను కూడా మనం చదవాలి. ఫెలోషిప్ అందుకునే దళిత విద్యార్థికి అది పాకెట్ మనీ కాదు, ఇంటి ఖర్చు.

పై మెట్ల దగ్గర తలుపు మరింత ఇరుకు. అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ కోసం 2019లో పార్లమెంటు చేసిన చట్టం కొన్ని సంస్థలను షెడ్యూల్‌లో పెట్టి మినహాయించింది. వాటిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రం ఉన్నాయి. దేశంలో బయాలజీ బాగా జరిగే చోట్లలో ఇవీ ఉన్నాయి.

ఇక విదేశం. ఆ దారి వేసిన వాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1920లలో బోస్టన్ చేరిన ఆయన హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేశారు. శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతికి ఆయన పేరు నిలిచింది గాని, హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. తర్వాతి తరాల్లో వేలమంది తెలుగు బయాలజిస్టులు వీసా మీద పోస్ట్‌డాక్‌లుగా వెళ్లారు. 1998 నుంచి 2003 మధ్య వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల బడ్జెట్ రెట్టింపై సుమారు 27 బిలియన్ డాలర్లకు చేరింది. ల్యాబులు పెరిగాయి, చేతులు కావాల్సి వచ్చాయి. తర్వాత డబ్బు ఆగింది, వెళ్లిన వాళ్లు అక్కడే ఇరుక్కుపోయారు. పోస్ట్‌డాక్ అంటే ‘శిక్షణలో ఉన్న వ్యక్తి’ అన్న మాట అక్కడా ఉంది, తక్కువ జీతానికి అదే సమర్థన.

కానీ అక్కడ జరిగిన రెండు సంగతులు మనకు పనికొస్తాయి. 2016లో అమెరికా కార్మిక శాఖ, ఏడాదికి 47,476 డాలర్ల కంటే తక్కువ జీతం ఉంటే ఓవర్‌టైమ్ ఇవ్వాలని నిబంధన తెచ్చింది, పోస్ట్‌డాక్‌లను కూడా అందులో కలిపింది. వెంటనే జాతీయ ఆరోగ్య సంస్థలు 43,692గా ఉన్న పోస్ట్‌డాక్‌ల తొలి ఏటి స్టైపెండ్‌ను 47,484 చేశాయి. గీతకు ఎనిమిది డాలర్లు పైన. కోర్టు ఆ నిబంధనను ఆపేసినా పెంచిన స్టైపెండ్ ఉండిపోయింది. రెండోది, 2022 నవంబరులో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో సుమారు 48,000 మంది స్కాలర్లు, పోస్ట్‌డాక్‌లు యూనియన్లుగా సమ్మె చేశారు. పోస్ట్‌డాక్‌ల కనీస జీతం దాదాపు 70,000 డాలర్లకు చేరేలా ఒప్పందం కుదిరింది. రెండు చోట్లా పరిశోధకుడిని కార్మికుడిగా లెక్కించారు, అప్పుడే అంకె కదిలింది.

మన స్కాలర్లు అడుగుతున్నదీ దాదాపు ఇదే. ఏటా కొంత ఇంక్రిమెంట్, ధరలతో ముడిపెట్టిన పెంపు, నెల తిరగ్గానే ఖాతాలో డబ్బు. 2019లో ఫెలోషిప్పుల సవరణను ఎప్పటికప్పుడు పరిశీలించడానికి మంత్రిత్వ శాఖల మధ్య కమిటీ వేశామన్నారు, ఆ తర్వాతి పెంపుకు నాలుగేళ్లు పట్టింది. 2025 జనవరిలో కేంద్రం ఎనిమిదో వేతన సంఘానికి ఆమోదం తెలిపింది. ల్యాబ్ నడిపే ప్రభుత్వ సైంటిస్టు, బిల్లులు చూసే గుమాస్తా, గేటు దగ్గర రిజిస్టర్ రాయించే ప్రభుత్వ ఉద్యోగి దాని పరిధిలోకి వస్తారు. ఆదివారం పొద్దున వచ్చి ఈగల సీసాలు ఖాళీ చేసే అమ్మాయి రాదు.