తొంభైమూడు శాతం దగ్గర తెగిన ఫైలు

ఉరవకొండలో మా ఇంటి కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. డ్రమ్ము సగం నిండాక ఆగిపోతే మా అమ్మ ఆ సగం పారబోయదు. మూత పెట్టి ఉంచి, మళ్లీ వచ్చినప్పుడు అక్కడి నుంచే పడుతుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా అలాగే పట్టుకోవాలని నాకు తెలిసొచ్చింది ఓ ఎండాకాలం రాత్రి.

పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ వేద్దామని 4 జీబీ ఫైలు దించుతున్నాను. 93 శాతం అయింది. గాలివాన మొదలై కరెంటు పోయింది, దాంతోపాటే రౌటరూ ఆగింది. తిరిగి వచ్చాక బ్రౌజరు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టింది. "ఇంకా పండుకోలేదా నాయనా?" అని అమ్మ లేచొచ్చి అడిగితే ఏడుపొక్కటే తక్కువ.

లెక్క వేసి చూడండి. 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు, అంటే పావు ఎంబీ) వేగంతో 4 జీబీ దిగడానికి దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. లైను అరగంటకోసారి తెగితే ఒక్కో విడతలో వచ్చేది 450 ఎంబీ. ప్రతిసారీ మొదటికొస్తే ఆ ఫైలు ఏడాదైనా పూర్తికాదు. ఆగినచోట అందుకుంటే తొమ్మిది విడతల్లో ఇంట్లో ఉంటుంది. నెట్ వేగం రెండింటికీ ఒకటే!

ఆగినచోట అందుకునే వీలు వెబ్‌కు ఎప్పటినుంచో ఉంది. వెబ్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతిని చెప్పే హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం 1997లో వచ్చింది, అందులోనే 'రేంజ్' అనే అభ్యర్థన ఉంది. "నా దగ్గర ఇన్ని బైట్లున్నాయి, ఆ తర్వాతివి పంపు" అని మన కంప్యూటర్ అడుగుతుంది. ఫైలు పంపే అవతలి కంప్యూటర్‌కు, అంటే సర్వర్‌కు, ఆ వీలుంటే 206 అనే జవాబుతో మిగతా ముక్క పంపిస్తుంది. 200 అని జవాబొస్తే మాత్రం ఫైలంతా మొదటినుంచి పంపుతోందని అర్థం.

ఈ పని చేసిపెట్టే ప్రోగ్రాముల్లో నాకు ఇష్టమైనది డబ్ల్యూగెట్. క్రొయేషియాకు చెందిన హ్ర్వోయె నిక్షిచ్ 1996లో విడుదల చేశారు. బలహీనమైన లైన్లను దృష్టిలో పెట్టుకుని తయారైన పనిముట్టు ఇది. ఆదేశంలో 'మైనస్ సి' (-c) అని చేర్చితే చాలు, సగంలో ఉన్న ఫైలును కొనసాగిస్తుంది. మామూలుగా 20 సార్లు ప్రయత్నిస్తుంది కూడా. అయితే రౌటర్ ఇంకా నెట్‌కు తగులుకోకముందు సర్వర్ చిరునామానే దొరకదు. అప్పుడది మళ్లీ ప్రయత్నించకుండా ఆగిపోతుంది. అందుకే దాన్ని నేను క్రాన్‌కు, అంటే చెప్పిన వేళకు పనులు నడిపే ప్రోగ్రాముకు, అప్పజెప్పాను. రాత్రి 1 గంట నుంచి 5 దాకా పదిహేను నిమిషాలకోసారి క్రాన్ చూస్తుంది. డౌన్‌లోడ్ నడుస్తుంటే జోలికి పోదు, ఆగి ఉంటే లేపుతుంది. వీధిలో కరెంటు రాగానే అందరి యంత్రాలూ ఒక్కసారిగా సర్వర్ మీద పడకుండా, లేపేముందు ప్రతిసారీ వేర్వేరుగా కొన్ని సెకన్లు ఆగమని కూడా రాసుకున్నాను.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. రెండు విడతల మధ్య సర్వర్‌లో ఫైలు మారిపోతే? పాతదాని తల, కొత్తదాని తోక అతుక్కుంటాయి. ఫైలు పరిమాణం సరిపోతే డబ్ల్యూగెట్‌కు ఆ తేడా తెలియదు. దీనికి మందు ఎస్‌హెచ్‌ఏ-256. ఎంత పెద్ద ఫైలునైనా 64 అక్షరాల ముద్రగా మార్చే లెక్క అది. లోపల ఒక్క బిట్ మారినా ముద్ర పూర్తిగా వేరుగా వస్తుంది. ఉబుంటు వాళ్లు ప్రతి ఫైలుకూ ఆ ముద్రను ప్రకటిస్తారు. మనకు దిగిన ఫైలు ముద్ర దానితో కలవనిదే ఇన్‌స్టాల్ చేయొద్దని గట్టిగా చెబుతాను.

ఆ పద్ధతి పెట్టాక మొదటి రోజు పొద్దున, రాత్రి జరిగిందంతా నమోదయ్యే లాగ్ ఫైలు తెరిచి చూశాను. రాత్రి లైను ఏడుసార్లు తెగింది. ఫైలు మాత్రం నిండుగా ఉంది. 64 అక్షరాలూ ఒక్కొక్కటే వేలుపెట్టి సరిచూశాను. కలిశాయి. ఇన్‌స్టాల్ మాత్రం బ్యాటరీ పూర్తిగా ఎక్కాకే మొదలుపెట్టాను.