సారా మీదికి పోయిన నేరం

ఇంట్లో ఆడవాళ్ల మీద దెబ్బలు ఆగాలంటే మగవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలా? లేక ఆ డబ్బేదో దెబ్బలు తిని బయటికొచ్చినవాళ్ల ఆశ్రయ గృహాలకు ఇవ్వాలా? వాదన మళ్లీ మొదలైంది. 498ఏ, గృహహింస చట్టం సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను. నా లెక్కలో అసలు ముడి పడింది 1992లో, నెల్లూరు జిల్లాలో.

దూబగుంటలో రాత్రిబడికి వెళ్లే ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. జిల్లాలో సారా వేలాలు సాగనివ్వలేదు. ఆ ఆడవాళ్ల గోడు రెండు ముక్కలు: కూలి డబ్బు తాగుడికి పోతోంది, తాగొచ్చి కొడుతున్నాడు. ప్రభుత్వం మొదటి ముక్కే పట్టుకుంది. నిషేధమంటే ఒక జీవోతో అయిపోతుంది మరి! 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో అదీ ఎత్తేశారు. తప్పంతా సీసాదే అన్నట్టు నడిచింది కథ. చెయ్యెత్తిన మనిషి పక్కనే నిలబడి చూశాడు.

దూబగుంటకు ఏడాది ముందు, 1991లో, ముంబైలో సి.వై. గోపీనాథ్ అనే జర్నలిస్టు ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక ప్రకటన వేశారు. భార్య ఉన్నది కొట్టడానికి కాదని నమ్మే మగవాళ్లు కావలెను, అని. (వధువు కావలెను, గుమాస్తా కావలెను చూశాం గానీ ఇది కొత్త.) 205 మంది స్పందించారు. వాళ్లలో హరీశ్ సదానీ ఒకరు. 1993లో 'మావా' (మెన్ అగైనెస్ట్ వయొలెన్స్ అండ్ అబ్యూజ్), అంటే హింసకు ఎదురు నిలిచే మగవాళ్ల సంస్థ, అలా ఏర్పడింది. 2006లో పుణెలో 'యువమైత్రి' మొదలైంది: కాలేజీ కుర్రాళ్లకు శిక్షణ ఇస్తే, వాళ్లు తోటి కుర్రాళ్లతో మాట్లాడతారు.

మగవాళ్ల కార్యక్రమాలు నిధులూ వేదికా తన్నుకుపోతాయని మహిళా సంఘాల భయం. కాదనలేం. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఏదో ఒక కారణానికి భార్యను కొట్టడం సబబే అన్నవాళ్లు తెలంగాణలో ఆడవాళ్లలో నూటికి 84 మంది, మగవాళ్లలో 70 మంది. ఆంధ్రలోనూ ఆడవాళ్లు అంతే, మగవాళ్లు కాస్త తక్కువ. వీళ్లందరూ తాగి చెప్పిన జవాబులు కావు ఇవి.

2014లో హైదరాబాద్‌లో వచ్చిన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు, ఆడవాళ్లను ఏడిపిస్తూ పట్టుబడిన కుర్రాళ్లకు తల్లిదండ్రుల ఎదుటే కౌన్సెలింగ్ ఇస్తాయి. అది బస్‌స్టాపులో ఏడిపిస్తూ దొరికినవాడికి. వాడి నాన్నను ఇంట్లో ఎలా ఉంటావని అడగడం ఆ పనిలో లేదు.