వేడెక్కితే ఆగిపోయే కబురు

ఆసనాలు వేస్తున్నప్పుడు చూపు మసకబారుతోంది, జబ్బు ముదురుతోందేమో, యోగా మానేయాలా అని మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉన్న ఒక పాఠకురాలు అడిగారు. మానేయనక్కర్లేదు. శ్రమ పడ్డాక ఈ రోగులకు చూపు తగ్గడాన్ని జర్మన్ కంటివైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లోనే గమనించాడు. అసలు కారణం శ్రమ కాదు, వేడి అని తర్వాత తేలింది. ఒకప్పుడు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి జబ్బును గుర్తుపట్టేవారు కూడా.

ఎం.ఎస్.లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటినరాల్లోని తంతువుల మీదుండే మయలిన్ పొరను పాడుచేస్తుంది. నాకు మహా ఇష్టమైన భాగం ఇక్కడే మొదలవుతుంది. నరపు తంతువును లైనింగ్ వేసిన పంటకాలువ అనుకోండి. దారి పొడవునా తూములున్నాయి. నీరు ఒక గీత దాకా వస్తేనే తూము తెరుచుకుని కొత్త నీటిని వదులుతుంది, ఆ నీరు వెళ్లి తర్వాతి తూమును తెరిపిస్తుంది. లైనింగ్ అంటే మయలిన్, తూములు రాన్వియే కణుపులు (ఆ పొరకు మధ్య మధ్య ఉండే చిన్న ఖాళీలు), నీరు సోడియం అయాన్లు మోసుకొచ్చే విద్యుదావేశం. లైనింగ్ బాగుంటే అవసరానికి కొన్ని రెట్లు ఎక్కువ నీరు చేరుతుంది. ఊడిన చోట సగం ఇంకిపోయి, మిగిలింది గీతను అంటీ అంటనట్టు తాకుతుంది. అయినా కబురు అందుతుంది.

ఇప్పుడు ఒళ్లు వేడెక్కింది. వేడికి సోడియం చానళ్లు, అంటే తూముల్లో ఆ అయాన్లను లోపలికి వదిలే సన్నటి ద్వారాలు, తొందరగా మూతపడతాయి. ఆవేశాన్ని తిరిగి బయటికి పంపే పొటాషియం చానళ్లూ తొందరపడతాయి. మిల్లీసెకను పాటు ఉండే విద్యుత్ అల ఇంకా కురచవుతుంది. తూము తెరిచి ఉండే సమయం తగ్గింది కాబట్టి వదిలే నీరూ తగ్గింది. మంచి కాలువలో మిగులుంది, ఆ లోటు తెలియదు. లైనింగ్ పోయిన కాలువలో నీరు గీత దాకా రాదు, తర్వాతి తూము తెరుచుకోదు, కబురు అక్కడే ఆగిపోతుంది. కొందరికి అర డిగ్రీ పెరిగినా చాలు. చల్లబడగానే అన్నీ మళ్లీ పనిచేస్తాయి, ఎందుకంటే కొత్తగా ఏదీ తెగలేదు. చల్లబడ్డాక కూడా 24 గంటలు దాటి లక్షణం ఉంటే మాత్రం న్యూరాలజిస్టుకు చెప్పాలి.

చెమటతో విషం పోతుందని వేడి గదిలో యోగా చేయించేవాళ్లను, ఆసనాలతో మయలిన్ మొలుస్తుంది కాబట్టి మందులు ఆపేయమనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. మందులు ఆపితే కాలువ లైనింగ్ మరోచోట ఊడే ప్రమాదముంది.

మరి యోగా ఎందుకు? అమెరికాలోని ఒరెగాన్‌లో 69 మంది ఎం.ఎస్. రోగులతో ఆరు నెలలు చేసిన పరీక్ష ఫలితాలు 2004లో వచ్చాయి. అయ్యంగార్ పద్ధతి యోగా చేసినవాళ్లకు అలసట తగ్గింది. వ్యాయామం చేసినవాళ్లకూ అలాగే తగ్గింది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పెరగలేదు. ఈ జబ్బులో చాలామందిని ఎక్కువగా కుంగదీసేది అలసటే, అందుకని అది చిన్న లాభం కాదు.

ఫ్యాను వేసుకుని, ముందుగా చల్లటి నీళ్లు తాగి, ఆసనానికీ ఆసనానికీ మధ్య ఆగండి. నిలబడే ఆసనాలు గోడ పక్కన వేయండి, కాళ్లు సహకరించని రోజు కుర్చీలోనే చేయండి. మెడ వంచగానే వెన్ను వెంట కరెంటు పాకినట్టుంటే హలాసనం, సర్వాంగాసనం వదిలేయండి.