మైలేజీ పోయేది బ్రేకు దగ్గర

ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా కారులో వెళ్ళినా, పాలకొల్లు నుంచి భీమవరం వెళ్ళినా దారిలో కొండ అన్నది తగలదు. డెల్టా నేల సముద్ర మట్టానికి దాదాపు 15 మీటర్ల లోపే ఉంటుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలువల్లో వాటంతటవే పారుతూ శివారు చేలదాకా వెళ్ళాయంటే, ఆ కొద్దిపాటి వాలు చలవే. ఇంత చదునైన నేల మీద ఏ కారైనా మంచి మైలేజీ ఇవ్వాలి. కానీ ఇక్కడ కారున్న వాళ్ళెవరిని కదిపినా ఒకటే మాట: "ఘాట్ రోడ్డు లేదు, ఏమీ లేదు, పెట్రోలు మాత్రం తాగేస్తోందండి."

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. అందులో ముప్పాతిక వంతు దాకా రేడియేటరు గుండా, సైలెన్సరు గుండా వేడిగా బయటికి పోతుంది. చక్రాలకు దక్కేది పాతిక వంతు. ఆ పాతికతోనే ఎదురుగాలిని చీల్చాలి, టైర్లను దొర్లించాలి, ఆగిన బండిని మళ్ళీ వేగం అందుకునేలా చెయ్యాలి. కొండ ప్రాంతాల్లో అయితే ఎత్తు ఎక్కడానికి కూడా కొంత కావాలి. మనకు ఆ ఖర్చు లేదు. ఉన్నదంతా ఆగి బయల్దేరడంలో ఉంది.

టన్ను బరువున్న చిన్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో 139 కిలోజౌళ్ళ గతిశక్తి ఉంటుంది. ఇంజను పాతిక వంతే పనిగా మారుస్తుంది కాబట్టి, ఆ వేగం అందుకోవడానికే సుమారు 17 మిల్లీలీటర్ల పెట్రోలు కాలుతుంది. బ్రేకు తొక్కి ఆపారంటే ఆ శక్తి మొత్తం బ్రేకుల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. అలా 60 సార్లు ఆగితే లీటరు పెట్రోలు వట్టిగా పోయినట్టే. ఇదే 40 కిలోమీటర్ల వేగంలో ఆగితే పోయేది 8 మిల్లీలీటర్లు, 80లో ఆగితే 31. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు కావడమే దీనికి కారణం. ఇంకో విషయం ఉంది. 60 నుంచి 30కి తగ్గితే సగమే పోయిందనుకుంటాం కానీ, నిజానికి ముప్పాతిక పోతుంది.

ఇప్పుడు కాలువ గట్టు రోడ్డు సంగతి చూడండి. రావులపాలెం నుంచి కొత్తపేట వైపు కొబ్బరి లోడు లారీ ఒకటి 35 వేగంతో నిదానంగా పోతోంది. వెనకే కారు. ఓవర్‌టేక్ చేద్దామని గేరు తగ్గించి ముందుకు దూకుతుంది, ఎదురుగా ఆటో వస్తుంది, బ్రేకు. మళ్ళీ దూకుతుంది, మలుపు వస్తుంది, మళ్ళీ బ్రేకు. అయిదు కిలోమీటర్లు పోయాక చూస్తే లారీ ముందు, కారు వెనక, మొదట ఎక్కడున్నాయో అక్కడే. రెండూ ఒకే సమయానికి అక్కడికి చేరాయి. కారు మాత్రం దూకిన ప్రతిసారీ కొన్ని మిల్లీలీటర్ల పెట్రోలును బ్రేకు డిస్కుల మీద కాల్చేసింది. అదే కారు కాస్త ఎడం ఉంచుకుని లారీ వేగంతోనే సాగితే ఆ ఖర్చు లేదు, దారి ఖాళీ అయినప్పుడు ముందు ఏముందో కూడా బాగా కనిపిస్తుంది. దూకుడుగా నడిపితే మైలేజీ హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. మన గట్టు రోడ్ల మీద జరిగేది రెండో రకం.

కాబట్టి మైలేజీ పెంచుకోవాలంటే చూపు దూరంగా ఉండాలి. మాసూళ్ళ రోజుల్లో రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి ఉంటుంది. అది వంద గజాల ముందే కనిపిస్తుంది. కనిపించగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే చాలు, గేరు అలాగే ఉండనివ్వండి. ఇంజెక్షన్ ఇంజన్లలో, అంటే ఇప్పుడు తిరుగుతున్న దాదాపు అన్ని కార్లలో, గేరులో ఉండగా కాలు తీస్తే కారులోని కంప్యూటరు ఇంజెక్టర్లను, అంటే పెట్రోలు చిమ్మే గొట్టాలను, మూసేస్తుంది. అప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి, పెట్రోలు చుక్క కూడా కాలదు.

ఇది తెలియకే చాలామంది వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తారు. మన డెల్టాలో వాలు అంటూ ఉన్నది వంతెనలకే కదా, అక్కడ పెట్రోలు మిగుల్చుకోవాలని ఆశ. కంప్యూటరు లేని పాత కార్బరేటరు ఇంజన్ల కాలంలో ఆ ఆశకు అర్థం ఉండేది. ఇప్పుడు న్యూట్రల్‌లో దిగితే ఇంజను ఆగకుండా ఉండటానికి కొంత పెట్రోలు తాగుతూనే ఉంటుంది. వంతెన దిగగానే సెంటరు ఉండి ఎలాగూ నెమ్మదించాల్సిన చోట గేరులో దిగడమే లాభం, ఇంజను కూడా బండిని పట్టి ఉంచుతుంది. ఇక తాళం తిప్పి ఇంజను ఆపేసి దిగడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

హైవే ఎక్కితే లెక్క మారుతుంది. అక్కడ ఖర్చంతా గాలిది. చిన్న కారుకు గంటకు 60 కిలోమీటర్ల దగ్గర టైర్ల నిరోధం, గాలి నిరోధం ఇంచుమించు సమానంగా ఉంటాయి. ఆపైన గాలిదే పైచేయి. వేగం 80 నుంచి 100కి పెరిగితే గాలి నెట్టే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కారు పైన క్యారియర్ కట్టి మూటలు వేస్తే ఇంకా ఎక్కువ. డిక్కీలో బియ్యం బస్తా ఉంటే పెద్దగా తేడా రాదు, అదే బస్తా పైకెక్కితే వస్తుంది.

బండి సంరక్షణలో మొదటిది టైర్లలో గాలి. గాలి తగ్గిన సైకిల్ తొక్కిన వాళ్ళెవరికీ దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. టైరు ప్రతి చుట్టులోనూ నొక్కుకుని మళ్ళీ సాగుతుంది, ఆ నలుగుడులో శక్తి వేడిగా పోతుంది. నాలుగు టైర్లలో తలా ఒక పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అంచనా. ఒక్కొక్కటి పది తగ్గితే 2 శాతం. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. పొద్దున్నే బండి కదలకముందు చూడాలి, ఎండలో తిరిగొచ్చాక చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది.

రెండోది బ్రేకు పట్టేయడం. దీన్ని మన వాళ్ళు బాగా తక్కువ అంచనా వేస్తారు. ఉప్పు గాలి, వానాకాలం బురద, నెలల తరబడి షెడ్డులో నిలిపిన బండి కలిస్తే క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు తుప్పుపడతాయి. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కును ఒరుసుకుంటూనే ఉంటుంది, అంటే మీరు తొక్కకుండానే రోజంతా బ్రేకు పడుతోందన్నమాట. కనిపెట్టడం తేలికే. బ్రేకు పెద్దగా వాడకుండా కొంత దూరం నడిపి ఆగాక, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, రిమ్మును ముట్టుకోకుండా. పక్క చక్రం కంటే ఒకదాని దగ్గర సెగ బాగా ఎక్కువగా ఉంటే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. పిన్నులు తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టడం పెద్ద పనేమీ కాదు.

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందన్న నమ్మకం మాత్రం ఇప్పటి పెట్రోలు కార్ల విషయంలో నిలవదు. వచ్చిన గాలిని కొలిచి దానికి తగ్గట్టే కంప్యూటరు పెట్రోలు ఇస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే బండి పికప్ తగ్గుతుంది, మైలేజీ పెద్దగా మారదు. ఫిల్టరు మార్చాలి, కానీ కారణం ఇంజను ఆరోగ్యం. మైలేజీని నిజంగా దెబ్బతీసేది, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కంప్యూటరుకు చెప్పే ఆక్సిజన్ సెన్సర్ చెడిపోవడం. అది చెడిపోయిన బండికి బాగుచేయిస్తే మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడవచ్చు. డ్యాష్‌బోర్డు మీద ఇంజను గుర్తు వెలిగితే నెలలు గడపకూడదు.

రైలు గేటు పడితే ఇంజను ఆపేయండి. నిలబడి ఉన్న చిన్న కారు కూడా గంటకు అర లీటరు పైనే తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకా. మళ్ళీ స్టార్ట్ చెయ్యడానికి అయ్యే పెట్రోలు పది సెకన్లు ఊరికే నడిచినంతే.

ఇవన్నీ చేశాక ఫలితం తెలియాలంటే సరిగా కొలవాలి. బంకులో పంపు తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నా చెయ్యండి. మళ్ళీ నింపేటప్పుడు, వీలైతే అదే బంకులో, అదే పంపు దగ్గర, ఎన్ని లీటర్లు పట్టిందో చూసి తిరిగిన కిలోమీటర్లను దానితో భాగించండి. ఒక ట్యాంకుతో తేల్చేయకండి, మూడు నాలుగు ట్యాంకుల సగటు తియ్యండి. డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీ చాలా కార్లలో అసలు కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది.