బావి మోటరుకు పట్టినట్టే కారుకూ గాలి పడుతుంది

‘కూలెంట్ మార్పించిన మర్నాడే కారు వేడెక్కింది, డబ్బాలో చూస్తే నిండుగానే ఉంది, ఎందుకిలా?’ ఎండలు ముదిరితే వరంగల్, కరీంనగర్ వైపు చాలామంది అడిగే ప్రశ్న ఇది. దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టేవాళ్లూ ఉన్నారు. అసలు జరిగింది వేరు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమే కూలెంట్. పాతది దించినప్పుడు లోపలికి గాలి చేరింది, కొత్తది పోసినప్పుడు అదంతా బయటికి రాలేదు.

బావి మీద మోటరున్న రైతుకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. పైపు అడుగున నీరు జారిపోకుండా ఆపే ఫుట్‌వాల్వు లీకై పైపులో గాలి పడితే మోటరు గిర్రున తిరుగుతూనే ఉంటుంది, చుక్క నీరు రాదు. పైనుంచి బిందెతో నీళ్లు పోసి నింపితేనే పంపు అందుకుంటుంది. పంపులో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, పుట్టించే పీడనం దాని చుట్టూ ఉన్నదాని సాంద్రతను బట్టి ఉంటుంది మరి. నీటిని 20 మీటర్లు ఎత్తే పంపు గాలిలో అదే వేగంతో తిరిగితే 20 మీటర్ల గాలికి సరిపడా పీడనమే ఇస్తుంది. ఘనపు మీటరు నీరు 1000 కిలోలు, గాలి సుమారు 1.2 కిలోలు. అంటే నీటి లెక్కలో ఆ బలం 2.4 సెంటీమీటర్లు! పీడనం పాఠం చెప్పే టీచర్లు పిల్లల్ని ఒక్కపూట బావి గడ్డకు తీసుకెళ్తే చాలు, ఇది మరిచిపోరు.

కారు వాటర్ పంపుదీ అదే జాతి. తేడా ఒకటే. కారులో కూలెంట్ మూసిన చుట్టులో తిరుగుతుంది. ఎక్కే నీటి బరువుకు దిగే నీటి బరువు సరిపోతుంది కాబట్టి పంపు గొట్టాల రాపిడిని గెలిస్తే చాలు. హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డు వెనక వేడిగాలినిచ్చే చిన్న రేడియేటర్) లాంటి ఎత్తైన చోట గాలి చేరి, దిగే గొట్టంలో 15 సెంటీమీటర్ల మేర నిలిచిందనుకోండి. ఎక్కే వైపు నీరుంది, దిగే వైపు ఆ మేరకు లేదు. ఆ 15 సెంటీమీటర్ల నీటి భారమంతా పంపు మీదే పడుతుంది. స్లోలో, అంటే ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరిగే దగ్గర, పంపుకు ఆ సత్తువ చాలకపోవచ్చు. 2400కు రేస్ చేస్తే వేగం మూడింతలవుతుంది, పీడనం తొమ్మిదింతలవుతుంది. అప్పుడు నీరు గాలిని తోసుకుని పోతుంది.

బెల్టుతో తిరిగే పంపున్న బండికి మొదటి పరీక్ష ఇక్కడి నుంచే వస్తుంది. కూలెంట్ మట్టం సరిగ్గా ఉందని చూసుకుని, ఇంజన్ వేడయ్యాక హీటర్ పూర్తిగా తిప్పండి. రేస్ చేస్తే వేడిగాలి, స్లోకి రాగానే చల్లగాలి, డ్యాష్‌బోర్డు వెనక గుడగుడ ఉంటే గాలి పట్టినట్టే. మే నెలలో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి. బయటే 44 డిగ్రీలున్నప్పుడు హీటర్ గాలి తేడా చేతికి అంత తేలిగ్గా తెలియదు.

ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు థర్మోస్టాట్. గాలి దాని దగ్గర చేరితే ఇంకో తంటా. అందులోని మైనం 82–88 డిగ్రీల దగ్గర కరిగి వాల్వు తెరవాలి. చుట్టూ గాలి ఉంటే వేడి అందదు. గేజు ముల్లు పైకెళ్తుంది, రేడియేటర్ పై హోస్ మాత్రం చల్లగా ఉంటుంది. వేడి కొలిచే సెన్సరే గాలిలో ఉంటే ముల్లు తక్కువ చూపిస్తుంది, అది మరీ ప్రమాదం. ఎండాకాలమని థర్మోస్టాట్ వాల్వు పీకేయించే అలవాటు మానాలి. చాలా ఇంజన్లలో ఆ వాల్వే తెరుచుకుంటూ బైపాస్ దారి మూస్తుంది. అది లేకపోతే వేడి కూలెంట్ కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తుంది.

గాలి తీయడం ఇంజన్ పూర్తిగా చల్లారాకే. రేడియేటర్ మూత పట్టి ఉంచే 1 బార్ పీడనంలో నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగదు, వేడి మీద తీస్తే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. బండి ముందుభాగం ఎత్తుగా ఉండేలా ఏటవాలు మీద ఆపండి. కూలెంట్ గొట్టాల మీద గాలి వదిలే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగల్లేని ధార వచ్చేదాకా కూలెంట్ నెమ్మదిగా పోసి బిగించండి. హీటర్ పూర్తిగా తిప్పి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడిపి, చల్లారాక మట్టం నింపండి. బోరు నీళ్లు వద్దు, వాటి ఉప్పులు లోపల గారకడతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలపండి.

రెండుసార్లు తీసినా బుడగలొస్తుంటే ఇంజన్ బ్లాకుకూ పై హెడ్‌కూ మధ్య సందు మూసే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాస్ లోపలికొస్తోంది. మెకానిక్ దగ్గర నీలిరంగు ద్రవమున్న టెస్టర్ దొరుకుతుంది, కార్బన్ డయాక్సైడ్ తగిలితే అది పసుపుకు తిరుగుతుంది. డీజిల్ ఇంజన్‌లో స్లో మీద ఆ వాయువు తక్కువ కాబట్టి రంగు నెమ్మదిగా మారుతుంది, ఒక్కసారికే వదిలేయొద్దు. టెస్టర్‌లోకి కూలెంట్ ఎగబాకితే ఫలితం చెడుతుంది, ముందే రేడియేటర్‌లో మట్టం నాలుగైదు సెంటీమీటర్లు తగ్గించమనండి.