పైన్ మోడు మీద పసుపు పుట్టగొడుగు

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు ఫోటో పంపారు. స్కాట్లాండ్‌లో చదువుతున్న వాళ్లమ్మాయి అక్కడి అడవిలో తీసింది. నరికేసిన పైన్ చెట్టు మోడు మీద పసుపు పుట్టగొడుగు, దాని టోపీ మీద నల్లటి సన్న పొలుసులు. "ఇది అరుదైనదట, పేరేమిటండీ? తినొచ్చా?" అని అడిగారు.

ట్రైకొలోమాప్సిస్ డెకోరా కావచ్చు. బ్రిటన్‌లో అది అరుదే, ఎక్కువగా స్కాట్లాండ్ పాత పైన్ అడవుల్లోనే కనిపిస్తుంది. అయితే ఫోటో చూసి పేరు ఖాయం చెయ్యకూడదు. అలాంటి మోడుల మీదే జిమ్నోపైలస్ జాతులూ మొలుస్తాయి, కాలేయాన్ని నాశనం చేసే గాలెరినా మార్జినేటా కూడా మొలుస్తుంది. వీటిని విడదీసేది సిద్ధబీజాల రంగు, అంటే స్పోర్ల రంగు. డెకోరాకి తెలుపు, మిగతా రెండిటికీ తుప్పు రంగు.

ఆ స్పోర్లు రాలే తీరు నాకెంత చూసినా తనివి తీరదు. టోపీ కింద పల్చటి రేకుల్లా ఉండే మొప్పల మీద ఒక్కో కణానికి సాధారణంగా నాలుగు స్పోర్లు ఉంటాయి. స్పోర్ అడుగున, కణానికి అతికి ఉన్న చోట, చక్కెరల వంటి పదార్థాలు ఊరి, గాలిలో తేమను లాక్కుంటాయి. అక్కడొక నీటిబొట్టు పెరుగుతుంది. దాన్ని బుల్లర్ బొట్టు అంటారు. స్పోర్ ఒంటి మీద ఇంకో పల్చటి నీటిపొర ఉంటుంది. తామరాకు మీద రెండు బొట్లు తాకగానే చటుక్కున ఒకటైపోవడం చూశారు కదా, ఇక్కడా అంతే. కలిసిన నీటికి ఉపరితలం తగ్గుతుంది, తలతన్యత వల్ల అందులో దాగిన శక్తి విడుదలై స్పోర్‌ను విసిరేస్తుంది. ఆ త్వరణం గురుత్వ త్వరణానికి కొన్ని వేల రెట్లు! అయినా గాలి అడ్డుకోవడంతో స్పోర్ మిల్లీమీటరులో కొద్ది భాగమే వెళ్లి ఆగుతుంది. ఎదుటి మొప్పకు తగలదు, సందులోంచి నిటారుగా కిందికి రాలుతుంది. అందుకే కింద కాగితం పెడితే మొప్పల గీతలు అచ్చుపడతాయి.

మన స్కూళ్లలో శిలీంధ్రాల పాఠానికి బొమ్మ గీయించి వదిలేస్తున్నారు. రైతుబజారులో దొరికే ఆయిస్టర్ పుట్టగొడుగుతో పిల్లల చేత ఈ అచ్చు తీయించాలి.

ఇక తినే సంగతి. విషముంటే వెండి నాణెం నల్లబడుతుందని, పురుగు తిన్నది మనమూ తినొచ్చని చాలామంది నమ్ముతారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చే నమ్మకాలు. గాలెరినాలోని అమటాక్సిన్లనే విషాలు వెండిని నల్లబరచవు, ఉడికించినా పోవు. వాంతులు మొదలయ్యేసరికే సాధారణంగా 6 గంటలు దాటిపోతుంది. దయచేసి తినొద్దని చెప్పండి.

అమ్మాయిని కాడ కోసేసి, మొప్పలు కిందికి ఉండేలా టోపీని కాగితం మీద బోర్లించి, పైన గాజు గిన్నె మూసి రాత్రంతా ఉంచమనండి. కాగితం సగం నల్లది, సగం తెల్లది ఉండాలి. ఉత్త తెల్ల కాగితమైతే డెకోరా అచ్చు పడినా కంటికి ఆనదు.