లైసిన్ అనే కరువు అక్షరం

తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "పిండి పదార్థాలూ ప్రొటీనూ ఒకే పూట తినకూడదట, కలిపి తింటే రెండూ అరగవట, నిజమేనా?" నిజం కాదు. ఈ నమ్మకానికి దాదాపు వందేళ్లు. విలియం హోవర్డ్ హే అనే అమెరికన్ వైద్యుడు 1920లు, 30లలో దీన్ని బాగా ప్రచారం చేశాడు. ప్రొటీన్ అరగడానికి ఆమ్లం కావాలి, పిండి అరగడానికి క్షారం కావాలి, రెండూ కలిస్తే ఒకదాని పని ఒకటి చెడగొడుతుంది అన్నది ఆయన వాదన. వింటే సైన్సులాగే ఉంటుంది. కానీ క్లోమం నుంచి చిన్నపేగులోకి దిగే రసంలో పిండిని విడగొట్టే ఎంజైములు, ప్రొటీన్‌ను విడగొట్టేవి, కొవ్వును విడగొట్టేవి అన్నీ కలిసే వస్తాయి. అక్కడ ఉండే కొద్దిపాటి క్షారగుణంలో అన్నీ చక్కగా పనిచేస్తాయి. అసలు పప్పుగింజలోనే రెండూ కలిసి ఉన్నాయి కదా! ఉడికించిన 100 గ్రాముల పప్పులో సుమారు 9 గ్రాముల ప్రొటీన్, 20 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటాయి. తల్లిపాలలోనూ చక్కెర, ప్రొటీన్ పక్కపక్కనే ఉంటాయి.

అరుగుదల సంగతి అంతటితో సరి. ఆ రెండూ కలవడంలో అంతకన్నా ఎంతో గొప్ప విషయం ఉంది, దాన్ని చెప్పాలనే ఈ వ్యాసం.

బడిలో మనకు ఒక్క వాక్యంలో నేర్పేస్తారు: పిండి పదార్థాలు శక్తినిస్తాయి, మాంసకృత్తులు శరీరాన్ని నిర్మిస్తాయి. రెండు గళ్ల పట్టికలో రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఒక గడిలోది తక్కువైతే రెండో గడిలోది ఏమవుతుందో ఎవరూ చెప్పరు. వంటింటికి అక్కరకొచ్చే పాఠమంతా ఆ రెండు గళ్ల మధ్యే ఉంది.

ముందు ప్రొటీన్ సంగతి చూద్దాం. 1914లో అమెరికాలోని కనెక్టికట్‌లో థామస్ ఆస్బోర్న్, లఫాయెట్ మెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు మొక్కజొన్నలోని జెయిన్ అనే ప్రొటీన్‌ను మాత్రమే పెట్టారు. శక్తికి కొదవ లేదు, గ్రాముల్లో ప్రొటీన్‌కూ కొదవ లేదు. అయినా ఎలుకలు చిక్కిపోయాయి. ప్రొటీన్లన్నీ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో కట్టినవి; వాటిలో ఒకటైన ట్రిప్టోఫాన్‌ను ఆహారంలో కాస్త కలిపితే చిక్కిపోవడం ఆగింది, కానీ ఎదుగుదల లేదు. దానికి లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం కూడా కలిపారు. ఎలుకలు పెరగడం మొదలుపెట్టాయి. పోషకాహార శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే. తక్కువైంది ప్రొటీన్ కాదు, అందులోని రెండే రెండు ముక్కలు.

దీన్ని చెక్క అక్షరాలతో అచ్చువేసే పాత ముద్రణాలయంలా ఊహించుకోండి. మన ప్రొటీన్లన్నీ 20 అమైనో ఆమ్లాలనే అక్షరాలతో కంపోజ్ చేసినవే. వాటిలో పదకొండింటిని శరీరం తనే చెక్కుకోగలదు. తొమ్మిదింటిని చెక్కలేదు, తిండిలోంచే రావాలి. లైసిన్, మెథియోనిన్, ట్రిప్టోఫాన్ ఆ తొమ్మిదిలోవి. ఇప్పుడు ఒక పేజీ కంపోజ్ అవుతోంది. మధ్యలో 'ల' అక్షరం అయిపోయింది. దాని బదులు 'వ' పెట్టేద్దామంటే కుదరదు, పదం మారిపోతుంది. మిగతా అక్షరాలు బుట్టలకొద్దీ ఉన్నా పేజీ అక్కడే ఆగిపోతుంది. మన ఆహారంలో ఆ 'ల' చాలాసార్లు లైసినే.

కణంలో జరిగేది ఇంకా ముచ్చటగా ఉంటుంది. అక్షరాలను పేర్చే యంత్రం పేరు రైబోజోమ్. మన కణాల్లో అది సెకనుకు ఐదారు అమైనో ఆమ్లాల చొప్పున కలుపుకుంటూ పోతుంది. ఒక్కో అమైనో ఆమ్లాన్ని దాని దగ్గరికి మోసుకొచ్చే చిన్న అణువు టీ-ఆర్ఎన్ఏ. లైసిన్ కొరత వస్తే లైసిన్‌ను మోయాల్సిన టీ-ఆర్ఎన్ఏలు ఖాళీగా తిరుగుతాయి. ఆ ఖాళీవాటిని జీసీఎన్2 అనే ఎంజైమ్ పట్టుకుని, కొరత వచ్చిందని గుర్తిస్తుంది. వెంటనే ఈఐఎఫ్2 అనే ప్రొటీన్‌కు ఒక ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. దాంతో కొత్త ప్రొటీన్ల తయారీ మొత్తం మందగిస్తుంది. ఒక్క అక్షరం కరువైతే ఒక పేజీయే కాదు, ప్రెస్ అంతా నెమ్మదిస్తుందన్నమాట.

మరి ఆగిపోయిన పేజీ కోసం తెచ్చిన మిగతా అక్షరాలు? ఇక్కడే అసలు కిటుకు. కొవ్వును దాచుకున్నట్టు, పిండిని కొంత గ్లైకోజెన్‌గా దాచుకున్నట్టు అమైనో ఆమ్లాలను దాచడానికి శరీరంలో ప్రత్యేకంగా గోదాము లేదు. మిగిలినవి పొయ్యిలోకి పోతాయి. కాలేయం వాటిలోని నత్రజని భాగాన్ని ఊడదీసి యూరియాగా మార్చి మూత్రంలోకి పంపుతుంది (ఈ యూరియా చక్రాన్ని 1932లో క్రెబ్స్, హెన్సెలైట్ కనుక్కున్నారు). మిగిలిన కర్బన భాగం ఇంధనంగా కాలిపోతుంది.

శరీరంలో పాత ప్రొటీన్లను విడగొట్టి ఆ అక్షరాలనే మళ్లీ వాడుకోవడమూ ఉంది. అచ్చు పూర్తయ్యాక అక్షరాలను విడదీసి గళ్లలో సర్దేసినట్టే. పెద్దవాళ్ల శరీరంలో రోజుకు 250 నుంచి 300 గ్రాముల ప్రొటీన్ ఇలా విడిపోయి మళ్లీ కూడుతుంటుంది. తిండి నుంచి 50 గ్రాములతో నెట్టుకురాగలుగుతున్నామంటే ఈ పొదుపు వల్లే. ప్రతి విడతలోనూ కొన్ని అక్షరాలు పోతాయి, ఆ లోటును పళ్లెం తీర్చాలి.

వంటింట్లో ఈ లెక్క చాలా అందంగా కుదురుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల 2007 నివేదిక ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్, 30 మిల్లీగ్రాముల లైసిన్ కావాలి. అరవై కిలోల మనిషికి 50 గ్రాముల ప్రొటీన్, 1800 మిల్లీగ్రాముల లైసిన్. బియ్యంలో ప్రొటీన్ ఏడు శాతం, ఆ ప్రొటీన్‌లో గ్రాముకు సుమారు 36 మిల్లీగ్రాముల లైసిన్. ఒక్క బియ్యంతోనే లైసిన్ లోటు పూడ్చాలంటే రోజుకు 700 గ్రాముల బియ్యం వండాలి. అంటే 2500 కెలోరీలు. గోధుమలో ప్రొటీన్ ఎక్కువే కానీ అందులో లైసిన్ ఇంకా తక్కువ, గ్రాముకు 27 దాకా.

అదే 300 గ్రాముల బియ్యానికి వండని పప్పు 75 గ్రాములు తోడు చేయండి. బియ్యం నుంచి సుమారు 750 మిల్లీగ్రాములు, పప్పు నుంచి 1250. లైసిన్ 2000కు చేరింది. పప్పు ప్రొటీన్‌లో గ్రాముకు సుమారు 70 మిల్లీగ్రాముల లైసిన్ ఉండటమే కారణం. పప్పుకూ ఒక లోటుంది. గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు, అంటే మెథియోనిన్, సిస్టిన్ అందులో తక్కువ. ఆ రెండూ ధాన్యంలో దండిగా ఉంటాయి! ఒకరి దగ్గర లేని అక్షరం సరిగ్గా ఇంకొకరి దగ్గర ఉండటం చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇక మొత్తం ప్రొటీన్ 39 గ్రాములే అయింది కదా, ఆ మిగతా 11 గ్రాములకు రెండు గుడ్లు చాలు, లేదా ఒక పెద్ద గ్లాసు పాలు, గుప్పెడు గింజలు. జంతు సంబంధమైనవేవీ తిననివాళ్లు పప్పు ఇంకో 50 గ్రాములు పెంచుకోవచ్చు, లేదా సోయా వాడవచ్చు. మాంసం, చేపలు రోజూ తినేవాళ్లకు లైసిన్ గురించి ఆలోచించే పనే లేదు.

ధాన్యం, పప్పు రెండూ ఒకే పూట పడాలేమో అని టెన్షన్ పడేవాళ్లున్నారు. 1970లలో ఆ సలహా బాగా ప్రచారంలో ఉండేది. అక్కర్లేదు. వెర్నన్ యంగ్, పీటర్ పెలెట్ అనే పోషకాహార శాస్త్రవేత్తలు 1994లో దీన్ని వివరంగా రాశారు. కండరాల్లో విడి లైసిన్ కొంత నిల్వ ఉంటుంది. గోదాము కాదు గానీ, ప్రెస్‌లో సొరుగు అడుగున పడి ఉండే నాలుగు అదనపు అక్షరాల లాంటిది. పొద్దున లైసిన్ తక్కువ తిండి తిన్నా ఆ సొరుగు ఆదుకుంటుంది, రాత్రి పప్పుతో మళ్లీ నిండుతుంది. రోజు మొత్తం మీద లెక్క సరిపోతే చాలు.

ఇంకోవైపు, గ్రాములు ఘనంగా ఉండి అక్షరాలు లేని ప్రొటీన్‌కు మంచి ఉదాహరణ జెలటిన్. ఎముకల నుంచి తీసిన జెలటిన్ పులుసుతో పేదల ఆకలి తీర్చవచ్చని ఫ్రాన్స్‌లో ఒకప్పుడు గట్టిగా నమ్మారు. ఫ్రాంస్వా మజాందీ అనే శరీరశాస్త్రవేత్త నాయకత్వంలోని సంఘం కుక్కల మీద ఏళ్ల తరబడి పరీక్షించి, ఒక్క జెలటిన్‌తో అవి బతకలేవని 1841లో నివేదించింది. అందులో ట్రిప్టోఫాన్ అసలే లేదు. జెలటిన్ కొల్లాజెన్ నుంచి వచ్చేదే, కాబట్టి కొల్లాజెన్ పౌడర్ డబ్బా మీద ప్రొటీన్ గ్రాములు చూసి మురిసిపోయేవాళ్లకు ఇది చెప్పి తీరాలి.

ఇప్పుడు రెండో గడి, పిండి పదార్థాలు. మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ కావాలి. కాలేయంలో దాచిన గ్లైకోజెన్ 100 గ్రాముల దాకా. పిండి పదార్థాలు పూర్తిగా మానేస్తే ఆ నిల్వ ఒక రోజులోనే దాదాపు ఖాళీ. కొవ్వు ఆమ్లాల నుంచి గ్లూకోజ్ తయారుచేసే దారి మన శరీరంలో ఇంచుమించు లేదు, కొవ్వులోని గ్లిసరాల్ మాత్రం కొద్దిగా ఇస్తుంది. కాబట్టి కాలేయం అమైనో ఆమ్లాల మీద పడుతుంది. 100 గ్రాముల ప్రొటీన్ కరిగిస్తే 50, 60 గ్రాముల గ్లూకోజ్ వస్తుంది. ప్రెస్‌లో చలికి తట్టుకోలేక చెక్క అక్షరాలను పొయ్యిలో వేసుకోవడం అంటే ఇదే. విచిత్రమేమిటంటే లైసిన్, ల్యూసిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు గ్లూకోజ్‌గా మారనే మారవు. అయినా వాటికి రక్షణ లేదు. పక్క అక్షరాలు కాలిపోయాక పేజీ ఎలాగూ నడవదు, అవి కూడా వేరే దారిలో కాలిపోతాయి.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో జేమ్స్ గాంబుల్ అనే అమెరికన్ వైద్యుడు, ఓడ మునిగి తెప్పల మీద కొట్టుకుపోయే నావికులకు ఏ తిండి పెట్టాలో పరిశోధించాడు. ఉపవాసం ఉన్న యువకులకు రోజుకు 100 గ్రాముల గ్లూకోజ్ ఇస్తే శరీర ప్రొటీన్ నష్టం దాదాపు సగానికి పడిపోయింది. ఇచ్చింది ప్రొటీన్ కాదు, చక్కెర! ప్రొటీన్‌ను కాపాడింది కార్బోహైడ్రేట్. గ్లూకోజ్ అందితే మెదడు కోసం కండను కరిగించే అవసరం తగ్గుతుంది, పైగా ఇన్సులిన్ పెరిగి కండరాల్లో ప్రొటీన్ విడిపోవడాన్ని అణిచిపెడుతుంది.

అలాగైతే పిండి పదార్థాలు దాదాపు మానేసి కొవ్వు ఎక్కువగా తినే కీటో డైట్ వాళ్ల కండలు కరిగిపోవాలి కదా? మొదటి రోజుల్లో నత్రజని నష్టం, అంటే ప్రొటీన్ నష్టం, పెరిగే మాట నిజమే. తర్వాత శరీరం సర్దుకుంటుంది. కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు అనే ఇంధనాన్ని తయారుచేస్తుంది, మెదడు వాటికి అలవాటు పడుతుంది. జార్జ్ కాహిల్ అనే అమెరికన్ వైద్యుడి బృందం 1967లో వారాల తరబడి ఉపవాసం ఉన్నవారిలో మెదడు ఇంధనంలో ఎక్కువ భాగం కీటోన్లే అని చూపించింది. కీటోలో కొవ్వు ఆ బరువు మోస్తుంది. కొవ్వూ లేక పిండీ లేక ఉత్త ప్రొటీన్ తింటేనే చిక్కు. ఆర్కిటిక్ యాత్రికుడు స్టెఫాన్సన్ 1928లో న్యూయార్క్‌లోని బెల్వ్యూ ఆసుపత్రిలో పరిశీలనలో ఉండి మాంసం మాత్రమే తిన్నాడు. మొదట కొవ్వు తీసేసిన మాంసం పెడితే రెండు మూడు రోజుల్లోనే వికారం, విరేచనాలు పట్టుకున్నాయి. కొవ్వు మాంసం పెట్టగానే కోలుకున్నాడు. కాలేయం రోజుకు ఇంత అని యూరియా చేయగలదు, దానికీ హద్దుంది.

వంట చేసే విధానం కూడా అక్షరాల లెక్కను మారుస్తుంది. పచ్చిగుడ్డు బలమని నమ్మి మింగేవాళ్లు ఇది చదవాలి: 1998లో బెల్జియంలో కొలిచి చూస్తే ఉడికిన గుడ్డులోని ప్రొటీన్ 91 శాతం అరిగింది, పచ్చిది 51 శాతమే. పప్పుగింజల్లో ప్రొటీన్ అరుగుదలను అడ్డుకునే పదార్థాలుంటాయి, వాటిని వేడి చాలావరకు చంపేస్తుంది. రాజ్మాలో అయితే వాంతులు తెప్పించే లెక్టిన్ అనే విషపదార్థం ఉంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లేలా అరగంట ఉడికించాలి. సన్నని సెగ మీద గంటలకొద్దీ ఉంచితే గింజ మెత్తబడుతుంది గానీ ఆ విషం పోకపోవచ్చు. ఇక ఎర్రగా వేయించడం, కాల్చడం. ఆ కమ్మని వాసన, రంగు మెయిలార్డ్ చర్యవి, 1912లో వర్ణించిన లూయీ కమీల్ మెయిలార్డ్ పేరే దానికి పెట్టారు. అందులో చక్కెరతో అతుక్కునేది ముఖ్యంగా లైసినే, ఎందుకంటే దాని తోక చివర ఒక అమైన్ గుంపు ఖాళీగా ఉంటుంది. అతుక్కున్న లైసిన్‌ను శరీరం వాడుకోలేదు. రొట్టె పైపొర మాడితే, అసలే తక్కువున్న అక్షరం ఇంకాస్త తగ్గిపోయినట్టే. రోజూ మాడ్చుకు తినేవాళ్లు మాత్రమే దీన్ని పట్టించుకోవాలి.

బరువు తగ్గాలనుకునేవాళ్లు చేసే పని ఒకటుంది: పళ్లెంలో అన్నీ సగం చేసేస్తారు. రోజుకు 2000 కెలోరీలు తినే అరవై కిలోల మనిషికి 50 గ్రాముల ప్రొటీన్ అంటే పది శాతం శక్తి. 1200 కెలోరీలకు దిగినా ఆ 50 గ్రాములు తగ్గవు, కాబట్టి వాటా పదిహేడు శాతానికి చేరాలి. నిజానికి శక్తి చాలనప్పుడు అక్షరాలు పొయ్యిలోకి పోవడం పెరుగుతుంది కనుక అవసరం ఇంకా ఎక్కువే. ధాన్యాన్ని తగ్గించండి, పప్పు, గుడ్డు, పెరుగు ఉన్నంతే ఉంచండి. పెద్ద వయసువాళ్లకూ ఇదే లెక్క. వాళ్లు తినేది తగ్గుతుంది, ప్రొటీన్ అవసరం మాత్రం పెరుగుతుంది. 65 దాటినవారికి కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి ఇది వర్తించదు, వాళ్లు డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి. పళ్లు సరిగా లేక నమలలేని పెద్దలు ముందుగా మానేసేవి మాంసం, గట్టి గింజలే. మెత్తగా ఉడికించి మెదిపిన పప్పు, గట్టిపడకుండా వండిన గుడ్డు, పెరుగు వాళ్ల పళ్లెంలో ప్రతి పూటా ఏదో ఒకటి ఉండేలా చూడాలి.